ఓడినోళ్ళకు డెలిగేషన్

వైడు వేయడానికి కూడా ఒక పనితనం కావాలి కదా, అనుకున్నాడు వెంకట్రాజం, స్కోరు పుస్తకంలో వరసగా నాలుగో కూడిక గుర్తు పెడుతూ. చేతకానివాడి వైడు ఎటుపడితే అటు పోతుంది. ఒకటి కాళ్ళ వెనక్కి, ఒకటి స్లిప్పులో నిలబడ్డవాడి కడుపులోకి. ఉప్పలయ్య వేసిన నాలుగూ ఆఫ్ స్టంపుకు సరిగ్గా నాలుగు జానల అవతల, మ్యాటు కూడా దాటి, మట్టిలో ఒకే రాయి పక్కన పడ్డాయి. గురి తప్పినవాడికి ఇంత గురి ఎక్కడిది?

పదహారేళ్ళుగా నగర లీగుకు వెంకట్రాజమే స్కోరరు. మైదానం పక్కన రేకుల షెడ్డు కింద, మూడు కాళ్ళూ నాలుగు ఇటుకలూ ఉన్న బల్ల ముందు కూర్చుంటాడు. ఆటగాళ్ళ ముఖాలు అతనికి పెద్దగా గుర్తుండవు. చేతులు గుర్తుంటాయి. ధాన్యం మార్కెట్లో క్వింటాలు బస్తాలు మోసే ఉప్పలయ్య చెయ్యి మరీ గుర్తు. పద్దెనిమిది అడుగులు పరుగెత్తుకొచ్చి ఆ చెయ్యి చెవి పక్కనుంచి తిరిగిందంటే, అవతలివాడు ప్యాడ్లు కట్టుకోవడానికి పట్టినంతసేపు కూడా వికెట్ల ముందు నిలబడడు. ఇవాళ అదే చెయ్యి మూడడుగులు నడిచొచ్చి, తపాలా డబ్బాలో కార్డు వేసినట్టు బంతిని పక్కకు జారవిడుస్తోంది.

ఇంట్లో ఏదన్నా దిగులేమో. దిగులు మనిషి ముఖంలోకి రావడానికి ముందు వేళ్ళలోకి దిగుతుందని వెంకట్రాజం సిద్ధాంతం. ఇలాంటి సిద్ధాంతాలు అతని దగ్గర చాలా ఉన్నాయి. చెప్పుకోవడానికి మనిషి లేకపోవడంతో ఒకటీ అరిగిపోలేదు.

ఉప్పలయ్య అక్క మొగిలమ్మ చాయ్ కెటిలుతో షెడ్డులోకి వచ్చింది. వారమంతా కోర్టు ఎదుట, ఆదివారాలు ఇక్కడ ఆమె చాయ్ అమ్ముతుంది. వెంకట్రాజం తనంతట తాను ఒక మనిషిని పలకరించడం అరుదు. అయినా ఉండలేకపోయాడు.

"మొగిలమ్మా, మీ తమ్మునికి పానం బాగలేదా?"

"రాయి లెక్కున్నడు సారూ. పొద్దుగాల తొమ్మిది రొట్టెలు తిన్నడు."

"మరి బంతులు గట్ల పోతానయేంది?"

మొగిలమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మీకు తెల్వనట్టు అడుగుతరేంది? కాయితం కొట్టింది మీరేనాయె."

"ఏ కాయితం?"

"డెలిగేషన్ కాయితం. అందరికంటె కిందున్న టీమును నాలుగో తారీఖునాడు హైద్రాబాదు తోలుకపోతరట గద. మూడు వారాల సంది మావోడు ఓడిపోను ఎంత తన్లాడుతాండో ఆ దేవునికెరుక. పోయినాదివారం పొరపాటున ఇద్దరిని అవుట్ చేసి ఇంటికొచ్చి అన్నం తినలేదు."

వెంకట్రాజం చేతిలోని పెన్సిలు కూడిక గుర్తులో అడ్డగీత గీయకుండానే ఆగిపోయింది.

నిజమే, కాయితం టైపు మిషన్ మీద అతనే కొట్టాడు. ఈ సంవత్సరం దాకా లీగు పద్ధతి చాలా సులువు. తొమ్మిది జట్లు, ప్రతి జట్టూ మిగిలిన ఎనిమిదింటితో ఆడేది. ఎండలు ముదిరి, ఎవరు గెలిచారో ఎవరికీ పట్టని ఒక మధ్యాహ్నం లీగు అయిపోయేది. కార్యదర్శి వకీలు వీరభద్రం హైదరాబాదులో లీగు ఎట్లా నడుస్తుందో చూసొచ్చి, వచ్చే ఏడాది నుంచి రెండు డివిజన్లు అన్నాడు. పై ఎనిమిది జట్లు ఏ డివిజన్. అట్టడుగున మిగిలిన ఒక్క జట్టు, కొత్తగా పేర్లు రాయించుకున్న నర్సంపేట, స్టేషన్ ఘన్‌పూర్ జట్లతో కలిసి బీ డివిజన్. బీ డివిజన్‌కు మ్యాటు ఉండదు. సంఘం బంతి ఇవ్వదు. జిల్లా జట్టును ఎంపిక చేసేవాళ్ళు అటువైపు తొంగి చూడరు. ఇదంతా కమిటీ మినిట్సు పుస్తకంలో ఉండిపోయింది. జట్లకు పంచిన నోటీసులో దీని గురించి ఉన్నది ఒకే ఇంగ్లీషు వాక్యం. అట్టడుగు జట్టును కిందికి దించుతారని. ఆ దించడానికి ఇంగ్లీషులో ఒక మాట ఉంది, రిలిగేషన్. వీరభద్రం నిలబడి చెప్పాడు, వెంకట్రాజం కూర్చొని కొట్టాడు.

రిలిగేషన్ అనే కొట్టానే, అనుకున్నాడు వెంకట్రాజం.

"సారూ, చాయ్ మీద ఈగ వాలింది," అంది మొగిలమ్మ.

*

సోమవారం కోర్టు తెరవకముందే అతను వరండాలో తన మిషన్ ముందున్నాడు. వెనక గోడకు బోర్డు ఉంది: 'వెంకట్రాజం, జాబ్ టైపింగ్. దిద్దుబాట్లు ఉండవు.' రెండో వాక్యం కోసమే హన్మకొండ వకీళ్ళు పక్క వరండాలోని ఇద్దరు టైపిస్టులను దాటుకొని వస్తారు. అతను కొట్టిన కాయితం తిరిగి చదవడు. వండినమ్మ తన కూరను అనుమానంగా వాసన చూసినట్టుంటుందని అతనికి అనిపిస్తుంది.

ఇవాళ చదివాడు. 9-1-81 నాటి నోటీసు. నాలుగో పేరా. డెలిగేషన్.

అక్షరాలు ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఒకటి పైకీ కిందికీ పోలేదు. తప్పుకు ఉండవలసిన బెరుకు ఎక్కడా లేదు. మిగతా పదాల మధ్య ఆ పదం పెళ్ళిపందిట్లో పెద్దమనిషిలా కూర్చుంది.

డెలిగేషన్ అంటే తెలియని మనిషి ఆ ఊళ్ళో లేడు. మిల్లు కార్మికులు, బడిపంతుళ్ళు, పత్తి వ్యాపారులు, ఎవరికి కష్టం వచ్చినా డెలిగేషన్ కట్టి హైదరాబాదు పోతారు. రైలు టికెట్టు సంఘానిది. మంత్రికి కాయితం ఇస్తారు, బిర్యానీ తింటారు, అసెంబ్లీ ముందు నిలబడి ఫోటో దిగుతారు. తిరిగొచ్చాక కష్టం తీరిందా అని ఎవరూ అడగరు, ఫోటో చూపించమంటారు. రిలిగేషన్ అన్న మాట మాత్రం ఊళ్ళో వీరభద్రానికి తప్ప ఎవరికీ తెలియదు. వెంకట్రాజానికి తెలుసు గాని, అతని వేళ్ళకు తెలియదు.

వేళ్ళను బల్ల మీద పరిచి చూసుకున్నాడు. ఆర్ అక్షరం ఎడమ చూపుడు వేలిది. డి అక్షరం నడిమి వేలిది. చూపుడు వేలు పైకి లేవవలసిన సమయంలో నడిమి వేలు ముందుకొచ్చి దాని పని తాను చేసింది. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వందల డెలిగేషన్ల మహజర్లు, వినతిపత్రాలు కొట్టిందో ఆ వేలు. అలవాటు, అంతే. కాని అలవాటు అనే మాట చాలా మంది దొంగలకు జామీను ఇస్తుందని కూడా అతని సిద్ధాంతం. ఇన్ని డెలిగేషన్లకు కాయితాలు కొట్టినవాణ్ణి ఒక్కరన్నా రమ్మని పిలవలేదు. ఆ ఫోటోల్లో ఒకదాంట్లో అయినా చివర నిలబడాలని ఈ వేలికి లోలోపల ఉండేదేమో. అందుకని తాను పోలేని చోటికి ఊళ్ళో అందరికంటే చివరివాళ్ళను పంపిందేమో. ఈ ఆలోచన అతనికి ఒక నిమిషం ఎంతో నచ్చింది. తర్వాత తన తప్పును తానే పొగుడుకుంటున్నట్టు అనిపించి సిగ్గుపడి, వేళ్ళు ముడుచుకున్నాడు.

వాక్యానికి అర్థం చెప్పినవాడు గోపాల్ అని మొగిలమ్మ ద్వారా తెలిసింది. గోపాల్ బట్టల బజారు క్లబ్బు కెప్టెను, ఒక బట్టల కొట్టు యజమాని కొడుకు, బీకాం రెండుసార్లు రాసినవాడు. 'లయబుల్' అంటే అర్హత గలది అన్నాడట. 'ఫోర్త్‌విత్' అంటే, వెంటనే అని కాదు, నాలుగో తారీఖు. ఏ నెల అన్నది కాయితంలో లేదు, అది తర్వాత చెప్తారు. అట్టడుగున నిలిచిన జట్టు నాలుగో తారీఖున డెలిగేషన్‌కు అర్హత గలది. వినగానే ధాన్యం మార్కెట్ జట్టు కూడా నమ్మింది. పైనున్నవాళ్ళకు కప్పు ఇస్తారు, కిందున్నవాళ్ళకు ఏదో ఒకటి ఇవ్వకపోతే న్యాయం ఎట్లా అవుతుంది? మూడు వారాల్లో బట్టల జట్టు, బస్తాల జట్టు పోటీపడి ఓడిపోతూ, సమానమైన పాయింట్లతో అట్టడుగుకు చేరాయి. ఆఖరి మ్యాచు వచ్చే ఆదివారం. ఆ రెండింటికే.

*

మంగళవారం వీరభద్రం ఏదో అఫిడవిట్ పట్టుకొని వచ్చాడు. వెంకట్రాజం కాయితం మిషన్లో పెట్టలేదు. నోటీసు తీసి, నాలుగో పేరా మీద వేలు ఉంచి చూపించాడు.

వీరభద్రం చదివాడు. అద్దాలు తీసి మళ్ళీ చదివాడు. తర్వాత వరండా స్తంభం పట్టుకున్నాడు. గుండె నొప్పేమోనని వెంకట్రాజం లేచాడు. నవ్వు. నల్లకోటు భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"గందుకేనా! బస్తాలోళ్ళు మా జింఖానా క్లబ్బు పోరగాళ్ళ చేతుల ఓడిపోతే నేను మావోళ్ళ ఆట బాగుపడ్డదనుకున్న!"

"మీరు సంతకం పెట్టిండ్రు, వకీల్‌సాబ్."

"నువ్వు కొట్టింది ఎవడన్న చదువుతడానయ్యా? నీ బోర్డు చూసి పెట్టిన."

"ఇప్పుడు దిద్ది పంచుదామంటే..."

"ఉండనీ." వీరభద్రం కళ్ళు తుడుచుకొని పక్కన కూర్చున్నాడు. "ఆదివారం దాక ఉండనీ. నేను ఇన్ని తిప్పలు వడి డివిజన్లు పెట్టింది ఎందుకు? లుంగీలు ఎగ్గట్టి ఫీల్డింగ్ చేసేటోళ్ళు ఏ డివిజన్ల ఉంటే హైద్రాబాదోళ్ళు మన లీగును లీగంటరా? వాళ్ళను నేను తోస్తే లొల్లి అయితది. వాళ్ళంతల వాళ్ళే దిగిపోతాండ్రు. మనకేం ఫికర్?"

అసలు కారణం లుంగీ కాదని స్కోరు పుస్తకానికి తెలుసు. వీరభద్రం అల్లుడు జింఖానాకు మొదటి బ్యాట్స్‌మను. రెండేళ్ళు వరసగా ఉప్పలయ్య అతణ్ణి మొదటి బంతికే పంపాడు. రెండోసారి అత్తగారు కూడా చూడడానికి వచ్చింది.

"వాళ్ళకు అన్యాయమైతది," అన్నాడు వెంకట్రాజం.

"దిద్దితే ఏమైతదో ఆలోచించినవా?" వీరభద్రం ఎంతో ప్రేమగా గోడ మీది బోర్డు వైపు చూశాడు. "నేను చదవకుంట సంతకం పెడ్తనని నాకు నామోషీ. నీకు? రేపటి సంది ప్రతి వకీలు నీ కాయితాన్ని అద్దం పెట్టి చదువుతడు. జర సోంచాయించు."

అఫిడవిట్ మూడు పేజీలు. వెంకట్రాజం ప్రతి పేజీ రెండుసార్లు చదివి ఇచ్చాడు. అది చూసి వీరభద్రం, అవతలివాడు తలుపు మూసుకోలేదని తెలిసీ మర్యాదకు చూపు తిప్పుకున్నవాడిలా చూపు తిప్పుకున్నాడు.

*

గురువారం మధ్యాహ్నం ఉప్పలయ్య వచ్చాడు. భుజాన బస్తాల నుంచి రాలిన పొట్టు, చేతిలో మడతపెట్టిన నోటుబుక్కు కాయితం. బెంచీ చూపించినా కూర్చోలేదు.

"సారూ, డెలిగేషన్‌కు పోయేటోళ్ళ లిస్టు. మంచిగ కొట్టియ్యాలె. పదకొండు మంది. యాకయ్య తన బామ్మర్దిని గూడ రాయుమంటాండు, ఆడ లిఫ్టు జూత్తడట. నేను రాయలే."

"ఇంకా ఆట కాలేదు గద, ఉప్పలయ్యా."

"ఓడిపోతం సారూ. మీరు ఫికర్ చెయ్యకుండ్రి." ధైర్యం చెప్పి, తర్వాత తన కుడిచేతి వైపు అసహ్యంగా చూశాడు. "దీనితోనే వచ్చింది తంటా. ఓడుడు గింత కష్టమని తెల్వదు. పక్కకు వెయ్యి, పక్కకు వెయ్యి అని మనసుల అనుకుంట ఉరుకుతనా, చెయ్యి మాట వినుతలేదు. వికెట్ల మీదికే పోతది. గందుకే ఉరుకుడు బంజేసి మూడడుగులు నడిచేస్తాన."

వెంకట్రాజం ఆ చేతివైపు చూశాడు. తర్వాత, తెలియకుండానే, తన నడిమి వేలి వైపు. తప్పు చేయమని బతిమాలినా చేయని చెయ్యి ఒకటి. ఎవరూ అడగకుండానే చేసి, పెద్దమనిషిలా కూర్చున్న వేలు ఒకటి.

"ఆడ పెద్దసార్లకు ఒక దరఖాస్తు గూడ ఇయ్యాలె," అన్నాడు ఉప్పలయ్య. "మీరే మంచిగ ఇంగ్లీషుల రాయుండ్రి. మ్యాటు అడుగద్దు, బూట్లు అడుగద్దు. గోపాల్ సేటు బ్యాట్లు అడుగుమన్నడు, అదీ వద్దు. ఒక్కటే. జిల్లా సెలక్షన్లకు మమ్ములను గూడ ఒక్కపారి పిలువుమనుండ్రి. నాకు ముప్పై ఒకటి నడుస్తాంది. ఇంక రెండేండ్లు ఉరుకుతనో లేదో. ఈడ ఎవ్వలిని అడిగినా హైద్రాబాదు సంగతి అంటాండ్రు. ఆడికే పోతాన గద, ఆడనే అడుగుత."

మిషన్లోకి కాయితం ఎక్కిస్తుంటే అంచు వంకర పోయింది. తీసి మళ్ళీ ఎక్కించాడు. ఇప్పుడు చెప్పాలి. ఓడితే హైదరాబాదు కాదు, సెలక్షన్ల తలుపే మూసుకుంటుందని. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. "ఉప్పలయ్యకు ఇంగ్లీషుల 'పీ' అక్షరం ఒకటా, రెండా?" అని అడిగాడు.

"మీరెట్ల కొడితే గట్లనే సారూ. మీది తప్పుపోదు."

దరఖాస్తు అద్భుతంగా వచ్చింది. వెంకట్రాజం డబ్బులు తీసుకోలేదు. ఉప్పలయ్య దాన్ని రుమాల్లో చుట్టి, చెమట అంటకుండా టోపీలో పెట్టుకుని పోయాడు. టోపీ మీద ఇంక ఆ రోజు బస్తా పెట్టలేడు కదా అని ఆలస్యంగా తోచింది వెంకట్రాజానికి.

*

శుక్రవారం అతను ఒక నిర్ణయం తీసుకున్నాడు. పిరికివాళ్ళ నిర్ణయాలకు ఒక సుఖం ఉంది. అవి చాలా శుభ్రంగా ఉంటాయి. తప్పు దిద్దుతాడు, ఎవరికీ చెప్పడు. పాత నోటీసు స్థానంలో కొత్తది వస్తుంది. చదువుకున్నవాళ్ళు చదువుకుంటారు.

నోటీసు స్టెన్సిలు ఇంకా పాత వార్తాపత్రికల మధ్య భద్రంగా ఉంది. తీసి బల్ల మీద పరిచాడు. స్టెన్సిలు తప్పులు పూడ్చే గులాబి రంగు మందు సీసా మూత తిప్పితే గాఢమైన వాసన ముక్కులోకి కొట్టింది. ఇరవై రెండేళ్ళ కింద కొన్న సీసాలో సగం కూడా తగ్గలేదు, అడుగున గడ్డకట్టింది. చిన్న కుంచెతో డి అక్షరం మీద ఒక చుక్క. ఆరడానికి మెల్లగా ఊదాడు, కంట్లో నలుసు పడ్డ పిల్లకు ఊదినట్టు. మిషన్లో ఎక్కించి, రిబ్బను పక్కకు జరిపి, చూపుడు వేలితో ఆర్ కొట్టాడు. నడిమి వేలిని ఆ సమయంలో పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు.

ముప్పై కాపీలు తీశాడు. సాయంత్రం షెడ్డుకు ఒకటి, ధాన్యం మార్కెట్ గేటుకు ఒకటి, బట్టల బజారు మూలన ఒకటి, మొగిలమ్మ చాయ్ బండికి ఒకటి, అన్నీ తానే అంటించాడు. ఇంటికి పోయి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

శనివారం పొద్దున కోర్టు దగ్గరికి వచ్చేసరికి చాయ్ బండి చుట్టూ గుంపు. మధ్యలో గోపాల్, కాయితం మీద వేలు పెట్టి చెబుతున్నాడు.

"రిలిగేషన్ అనే మాటనే లేదు. నేను డిక్షనరీ జూసిన." ఏ డిక్షనరీ అని ఎవరూ అడగలేదు. "ఇది రీ-డెలిగేషన్. నడుమ డీ, ఈ ఎగిరిపోయినయి. స్టెన్సిలు చినిగినట్టుంది. రీ అంటే మళ్ళొకపారి. రీ-ఎగ్జామ్ లేదా? గట్ల."

"ఎగ్జామ్ సంగతి నీకే తెల్వాలె సేటూ," అన్నాడు ఉప్పలయ్య. అందరూ నవ్వారు. గోపాల్ కూడా నవ్వాడు.

"అంటే రెండుపార్లు తోలుకపోతరా?" అంది మొగిలమ్మ. "వామ్మో! మేడారం జాతరకన్న రెండేండ్లకొకపారే పోతరు!"

"టైపు సారు అచ్చుతప్పు కొట్టడే?" ఉప్పలయ్య అనుమానంగా అన్నాడు.

"మనిషన్నంక ఒక్కపారి పోదా అన్నా?" అన్నాడు గోపాల్ జాలిగా. అంతలో వెంకట్రాజాన్ని చూసి గుంపు సర్దుకుంది. "ఏం లేదు సార్, ఒక డీ పోయింది. మేము అర్థం చేసుకున్నం."

వెంకట్రాజం తల ఊపాడు. ఊపాక గాని తాను దేనికి ఒప్పుకున్నాడో తెలియలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి అతని తప్పును ఊరు పట్టుకుంది. అది కూడా అతను దిద్దిన చోట.

*

ఆదివారం మైదానానికి జనం బాగా వచ్చారు. ఎవరు ఓడి రైలెక్కుతారో చూద్దామని మార్కెట్ హమాలీలు, బజారు గుమాస్తాలు. వీరభద్రం షెడ్డులో కుర్చీ వేసుకొని, కాలు మీద కాలు వేసుకొని, పల్లీలు వలుస్తున్నాడు. అంపైరు డ్రిల్లు మాస్టరు మొండయ్య.

ధాన్యం మార్కెట్ మొదట బ్యాటింగు. వాళ్ళు నలభై ఒకటికి అవుటయ్యారు. అది అనుకున్నంత సులువుగా జరగలేదు. గాల్లోకి లేపిన క్యాచులను బట్టల బజారు వాళ్ళు చేతులు వెనక్కి కట్టుకొని చూశారు. చివరికి హమాలీలు ఒక్కొక్కరే పిచ్ మీద ఆగి, నాలుగడుగుల దూరంలో ఉన్న గీత దాకా నడవకుండా, బీడీ అడుక్కుంటూ రనౌట్ కోసం చూశారు. అప్పీలు చేయనని గోపాల్ మొండికేస్తే, వాళ్ళు అవుటైపోయామని చెప్పుకొని బయటికి నడిచారు. అలాంటివాళ్ళను పుస్తకంలో ఏమని రాయాలో తెలియక వెంకట్రాజం 'వెళ్ళిపోయెను' అని రాశాడు.

బట్టల బజారు గెలవాలంటే నలభై రెండు. ఆ ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి వాళ్ళలోనూ ఏడుగురు వెళ్ళిపోయారు. కాని ఉప్పలయ్య వైడ్లు ఆగితేనా? ముప్పై ఆరుకు ఏడు. గోపాల్ బ్యాటు ఎత్తి తన స్టంపులను తానే పడగొట్టుకున్నాడు.

"అవుట్! సార్, నేను అవుట్!"

"గాలికి పడ్డయి," అన్నాడు ఉప్పలయ్య ప్రశాంతంగా. చెట్టు ఆకు కదలడం లేదు.

"అన్నా, బ్యాటుతోని కొట్టిన! నీ కండ్లముందట!"

"మేము అడుగలే. అడుగకుంటె అవుట్ లేదు. సార్, రూలు చెప్పుండ్రి."

"అప్పీలు ఫీల్డింగోళ్ళే చెయ్యాలె," అన్నాడు మొండయ్య, స్టంపులు నిలబెడుతూ. "పన్నెండేండ్ల సంది అంపైరింగ్ చేస్తాన. గిసుంటి నౌకరి చెయ్యలే బై. ఎవడన్న ఒకడు గెలువుండ్రిరా, ఆకలైతాంది!"

జనం విరగబడి నవ్వుతున్నారు. వెంకట్రాజం కూడా నవ్వబోయాడు. ఉప్పలయ్య మళ్ళీ తన మూడడుగుల గుర్తు దగ్గరికి పోతున్నాడు. గుర్తు కోసం పెట్టిన తువ్వాలు వికెట్లకు ఎంత దగ్గరగా ఉందో. ఎండలో నిలబడి కుడిచేతిని ఎడమచేత్తో పిసుక్కుంటున్నాడు. దాన్ని బుజ్జగిస్తున్నట్టున్నాడు. టోపీలో తెల్లగా కాయితం అంచు కనిపిస్తోంది. ఆ టోపీతోనే ఆడుతున్నాడు. గెలిచిన వెంటనే, కాదు, ఓడిన వెంటనే ఎవరి చేతిలోనో పెట్టాలని.

ఆ చెయ్యికి తెలుసు, అనుకున్నాడు వెంకట్రాజం. మనిషికి తెలియనిది ఏదో దానికి తెలుసు. అందుకే మూడు వారాలుగా మొరాయిస్తోంది. దానితో పోట్లాడి పోట్లాడి ఆ మనిషి ఇప్పుడు గెలుస్తున్నాడు. ఇంకో ఆరు పరుగులు, రెండే రెండు ఓవర్లు, అంతే.

అతను లేచి నిలబడ్డాడు. స్కోరరు లేవడం ఎప్పుడూ చూడని జనం, పాము వచ్చిందేమోనని బల్ల కిందికి చూశారు. వెంకట్రాజం ఎండలోకి, మైదానంలోకి, మొండయ్య దగ్గరికి నడిచాడు.

"సార్, మీ జేబుల చాక్‌పీసు ఉంటదా?"

"ఏం, స్కోరు తప్పు పోయిందా?"

"ఆఁ," అన్నాడు వెంకట్రాజం.

స్కోరుబోర్డు షెడ్డు పక్కనే ఉంది. దాని మీద అంకెలు రాయరు, మేకులకు రేకు బిళ్ళలు తగిలిస్తారు. ఆ ఏర్పాటు వెంకట్రాజానిదే. అతని చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. ఆ రాతను దాచుకోవడానికే టైపు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక సంతకం తప్ప నలుగురి ముందూ ఒక అక్షరం రాయలేదు. బిళ్ళల కింద సగం బోర్డు నల్లగా ఖాళీగా ఉంది. చాక్‌పీసు దానికి ఆనించాడు.

రాశాడు. డ పెద్దగా, లి చిన్నగా, వరస మొత్తం కుడివైపు కిందికి జారుతూ. జనం బడిపిల్లల్లా ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని పైకి చదివారు.

'డెలిగేషన్ కాదు. హైద్రాబాదు లేదు. ఓడినోళ్ళు బీ డివిజన్. మ్యాటు లేదు. సెలక్షన్ లేదు.'

చదవడం అయిపోయేసరికి వీరభద్రం పల్లీలు వలవడం ఆపేశాడు.

"అంటే ఇంతసేపు మనం..." అని గోపాల్ బ్యాటు వైపు చూసుకున్నాడు.

ఉప్పలయ్య షెడ్డు దాకా వచ్చాడు. చివరి మాట దగ్గర పెదవులు రెండుసార్లు కదిలాయి. టోపీ తీసి, కాయితం తీసి, జాగ్రత్తగా మడతపెట్టి లుంగీ మడతలో దోపుకున్నాడు.

"సారూ, మరి ఆ కాయితంల గట్లెందుకున్నది?"

వీరభద్రం లేచాడు. "మిషన్ తప్పు ఉప్పలయ్యా. పాత మిషన్. అక్షరాలు అటిటు కొడుతాంది. ఏమయ్యా వెంకట్రాజం, గంతే గద?" అని, ఎంతో దయగా, చెయ్యి అందించినట్టు చూశాడు.

మంచి దారి. మిషన్ కాదనదు. కోర్టు వరండాలో బోర్డు గోడ మీదే ఉంటుంది.

ఉప్పలయ్య జవాబు కోసం ఆగలేదు. పైన తగిలించిన రేకు బిళ్ళలు చూశాడు. ముప్పై ఆరు. ఏడు. మైదానంలోకి పోయి, మూడడుగుల గుర్తు దగ్గరి తువ్వాలు తీసి దులిపి, వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. నాలుగు, ఐదు, ఆరు. ఫీల్డర్లు ఒక్కొక్కరే బీడీలు పారేస్తున్నారు. గోపాల్ గ్లవ్సు బిగించుకొని, పక్కకు ఉమ్మేసి, మొదటిసారి వికెట్ల ముందు వంగాడు. పదిహేను, పదహారు. వెంకట్రాజం కూడా లోపల లెక్కపెడుతున్నాడు. పద్దెనిమిదో అడుగు దగ్గర తువ్వాలు నేల మీద పడింది.

చేతిలో చాక్‌పీసు గోరంత మిగిలింది. నడిమి వేలు తెల్లబడింది. వెంకట్రాజం బోర్డు వైపు తిరిగి, అడుగున మిగిలిన చోట, 'తప్పు నాది' అని రాసి, దాని పక్కన తన పేరు మొదలుపెట్టాడు. అక్షరాలు వంకర పోతూ, లావవుతూ, అంచు దాకా వచ్చేశాయి. చివరి సున్నాకు చోటు లేదు. దాన్ని చెక్క చట్రం మీద పెట్టాడు.